పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: ‘అసలు మేమే’ అంటూ విడిపోయిన రియల్ ఐఆర్ఏ

బ్రిటిష్ పాలనలోని ఉత్తర ఐర్లండ్‌లో మూడు దశాబ్దాల పోరుకు తెరదించుతూ 1998లో కుదిరిన బెల్‌ఫాస్ట్ శాంతి ఒప్పందం గురించి గత సంచికలో ఒక పాఠకునికి జవాబు ఇస్తూ, ఆ ఒప్పందాన్ని తిరస్కరించి, ఐక్య ఐర్లండ్ కోసం పోరాడిన ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) నుంచి చీలిన ‘రియల్ ఐఆర్ఏ’ అనే వర్గం బాంబుల దారి పట్టిందని ఒకే ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాం. ఆ వాక్యం చాలదని, వివరంగా రాయాలని కోరుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: పోరు ముగిసి శాంతి చర్చలు జరుగుతున్న సమయంలో కొత్తగా ఒక సాయుధ సంస్థ ఎందుకు పుట్టింది? ‘రియల్’ అన్న మాట వాళ్లు పెట్టుకున్నదేనా? – ఒక డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: పేరు సంగతి ముందు చెప్పుకుంటే మిగతాది సగం అర్థమవుతుంది. ఆ సంస్థ తనను తాను పిలుచుకున్న పేరు ‘ఓగ్లీ నా హేరన్’. ఐరిష్ భాషలో దానికి ఐర్లండ్ వాలంటీర్లు అని అర్థం. ఐర్లండ్ రిపబ్లిక్ అధికారిక సైన్యానికి ఉన్న పేరు కూడా ఇదే. మూడు దశాబ్దాలు పోరాడిన ప్రొవిజనల్ ఐఆర్ఏ ప్రకటనలు వెలువడింది కూడా ఈ పేరుతోనే. కొత్త వర్గం మనుషులు ఆర్మా కౌంటీలోని జోన్స్‌బరో దగ్గర రోడ్డుకు అడ్డంగా నిలబడి, కార్లు ఆపి, తాము ఐఆర్ఏ అని, అసలైన ఐఆర్ఏ తామేనని ప్రయాణికులతో చెప్పారట. ‘రియల్ ఐఆర్ఏ’ అన్న మాట పత్రికల్లో స్థిరపడిపోవడానికి మూలం ఆ సంఘటనే.

ఈ ‘అసలు’ అన్న మాట వెనుక చాలా పాత తగాదా ఉంది. 1916లో ఈస్టర్ పండుగనాడు డబ్లిన్‌లో తిరుగుబాటుదారులు స్వతంత్ర రిపబ్లిక్‌ను ప్రకటించారు. బరంపురం నుంచి వెళ్లి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న మన వి.వి.గిరి ఆ రోజుల్లో అక్కడే ఉన్నారు. ఐర్లండ్ స్వాతంత్ర్యం కోరిన షిన్ ఫేన్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న కారణంతో ఆయన్ను ఆ ఏడాదే దేశం నుంచి పంపేశారు. 1919లో ఐరిష్ ప్రతినిధులు తమ సొంత పార్లమెంటు ‘డాయిల్’ను ఏర్పాటు చేసుకున్నారు. 1921 డిసెంబరులో బ్రిటన్‌తో ఒప్పందం కుదిరినప్పుడు 32 కౌంటీలలో ఆరు బ్రిటన్ కిందే ఉండిపోయాయి. ఒప్పందాన్ని ఒప్పుకున్నవాళ్లకూ ఒప్పుకోనివాళ్లకూ మధ్య 1922, 1923 సంవత్సరాల్లో అంతర్యుద్ధం జరిగింది. ఒప్పుకోనివాళ్లు ఓడిపోయారు కానీ, రిపబ్లిక్ ఇంకా బతికే ఉందని, దానికి వారసులం తామేనని నమ్మడం మానలేదు. 1938లో, 1921 నాటి డాయిల్‌లో మిగిలిన కొద్దిమంది సభ్యులు తమ అధికారాన్ని ఐఆర్ఏ సైనిక మండలికి అప్పగిస్తున్నట్లు ప్రకటించారు. ఒక పాత దస్తావేజు చేతులు మారుతూ వచ్చినట్లు, ఐర్లండ్ పేరిట యుద్ధం చేసే హక్కు కూడా ఒకరి నుంచి ఒకరికి సంక్రమిస్తుందనే భావన ఆ వర్గాల్లో ఇలా పాతుకుపోయింది. జనం ఓటుకు ఆ దస్తావేజును రద్దు చేసే అధికారం లేదని వాళ్లు నమ్మారు. ఆ నమ్మకాన్ని గమనించకపోతే ఐర్లండ్‌లో జరిగిన ఏ చీలికా అర్థం కాదు.

1969 డిసెంబరులో ఐఆర్ఏ అఫీషియల్, ప్రొవిజనల్ అని రెండుగా చీలింది. ఉత్తరాన కాథలిక్కుల పేటల మీద దాడులు జరుగుతుంటే సంస్థ కాపాడలేకపోయిందన్న కోపం అందుకు ఒక కారణం, పార్లమెంటుల్లో కూర్చోవాలా వద్దా అన్నది మరో కారణం. 1986లో ప్రొవిజనల్స్ రాజకీయ పక్షమైన షిన్ ఫేన్, డబ్లిన్ డాయిల్‌లో గెలిచిన స్థానాలు తీసుకోవచ్చని తీర్మానించగానే రూరీ ఓ బ్రాడిగ్ బృందం సభ నుంచి లేచి వెళ్లి రిపబ్లికన్ షిన్ ఫేన్‌ను స్థాపించింది. కంటిన్యుయిటీ ఐఆర్ఏ పుట్టింది ఆ పాయలోనే. కొనసాగింపు అనే అర్థమిచ్చే ఆ పేరు కూడా వారసత్వాన్ని చాటుకోవడానికి పెట్టుకున్నదే.

ఇక మీరు అడిగిన చీలికకు వద్దాం. ప్రొవిజనల్ ఐఆర్ఏ 1994 ఆగస్టు 31న కాల్పుల విరమణ ప్రకటించింది, 1996 ఫిబ్రవరిలో లండన్ డాక్‌లాండ్స్‌లో పెద్ద బాంబు పేల్చి దాన్ని విరమించుకుంది, 1997 జూలైలో మళ్లీ ప్రకటించింది. అమెరికా మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ అధ్యక్షత వహించిన చర్చల్లోకి అడుగుపెట్టాలంటే ప్రతి పార్టీ ఆరు సూత్రాలకు కట్టుబడాలి. రాజకీయ సమస్యలను శాంతియుత ప్రజాస్వామిక పద్ధతుల్లోనే పరిష్కరించుకోవాలన్నది, సాయుధ సంస్థలన్నీ పూర్తిగా ఆయుధాలు విడిచిపెట్టాలన్నది, కుదిరిన ఒప్పందాన్ని ఇష్టం లేకపోయినా బలప్రయోగంతో మార్చబూనకూడదన్నది వాటిలో ముఖ్యమైనవి. షిన్ ఫేన్ 1997 సెప్టెంబరులో ఈ సూత్రాలకు తల ఊపింది. ఆయుధాలు వదిలిపెడితే తాము ఇక సైన్యమే కాదు కదా అన్న ప్రశ్న ఐఆర్ఏ లోపల అప్పుడే రాజుకుంది.

మరుసటి నెలలో డొనెగాల్ కౌంటీలో జరిగిన రహస్య సైనిక మహాసభలో నాయకత్వాన్ని తీవ్రంగా తప్పుపట్టిన వ్యక్తి మైకేల్ మెకెవిట్. ఆయన సంస్థకు క్వార్టర్ మాస్టర్ జనరల్, అంటే ఆయుధాల పద్దు చూసే అధికారి. 1980లలో లిబియా నుంచి వచ్చిన తుపాకులు, సెమ్‌టెక్స్ పేలుడు పదార్థం ఏ డంపులో ఎంత ఉన్నాయో తెలిసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. మహాసభ నాయకత్వం వైపే మొగ్గింది. మెకెవిట్, ఆయన్ను సమర్థించిన మరికొందరు అక్టోబరు చివర్లో కార్యవర్గానికి రాజీనామా చేశారు. నవంబరులో మీత్ కౌంటీలోని ఓల్డ్‌కాజిల్ దగ్గర ఒక రైతు ఇంట్లో సమావేశమై కొత్త సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. తలలు లెక్కిస్తే ప్రొవిజనల్స్ నుంచి వెళ్లినవాళ్లు తక్కువే. అయితే ఆ తక్కువమందిలో డంపుల ఆనుపానులు తెలిసినవాళ్లు, బాంబుల తయారీ తెలిసినవాళ్లు, సరిహద్దు దారులన్నీ ఎరిగినవాళ్లు ఉన్నారు. చీలిక వర్గం ఎంత ప్రమాదకరమో చూడాలంటే వెంట ఎంతమంది వెళ్లారన్నదాని కంటే వెళ్లినవాళ్లకు ఏ పని తెలుసు అన్నదే చూడాలని నేను అనుకుంటున్నాను.

అదే డిసెంబరులో ‘32 కౌంటీల సార్వభౌమత్వ కమిటీ’ అనే రాజకీయ వేదిక డబ్లిన్‌లో ఏర్పడింది. సాయుధ సంస్థతో తమకు సంబంధం లేదని ఆ వేదిక ఎప్పుడూ చెబుతూనే ఉన్నా, ప్రభుత్వాలు రెండింటినీ కలిపే చూశాయి. దాని వ్యవస్థాపకుల్లో బెర్నడెట్ శాండ్స్ మెకెవిట్ ఒకరు. ఆమె మైకేల్ మెకెవిట్ భార్య. 1981లో జైల్లో 66 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణాలు విడిచిన బాబీ శాండ్స్‌కు సోదరి. సరిహద్దు దాటి పనిచేసే కొన్ని ఉమ్మడి సంస్థల కోసమో, బ్రిటిష్ పాలనలో సమాన పౌరులమనిపించుకోవడం కోసమో తన అన్న చనిపోలేదని ఆమె బహిరంగంగా అన్నారు. ఆ మాట ఎందరినో కదిలించింది. చనిపోయినవాళ్ల త్యాగాన్ని ఎవరు ఏ ధరకు అమ్ముతున్నారన్న ప్రశ్నకు ఏ నాయకుడూ తేలిగ్గా జవాబు చెప్పలేడు. కానీ 1998 మే 22న సరిహద్దుకు ఇరువైపులా ఒకే రోజు ఓటింగ్ జరిగినప్పుడు ఉత్తరాన 71.1 శాతం, దక్షిణాన 94.4 శాతం ఓటర్లు ఒప్పందం వైపు నిలిచారు. ఐర్లండ్ ద్వీపం మొత్తం ఒకే రోజున ఓటు వేయడం 1918 తరువాత అదే మొదటిసారి. ఐర్లండ్ పేరిట మాట్లాడే హక్కు ఎవరిదన్న పాత ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు. విడిపోయినవాళ్లు దాన్ని జవాబుగా ఒప్పుకోలేదు. పన్నెండు వారాల తరువాత ఓమా పట్టణంలో కారు బాంబు పేలింది.

ప్రశ్న: ఐఆర్ఏ వర్గాలు బాంబు పెట్టిన తరువాత ముందుగా ఫోన్ చేసి హెచ్చరించేవని చదివాను. మరి ఓమాలో అంతమంది ఎలా చనిపోయారు? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: ఆ పద్ధతి నిజమే. పట్టణం నడిమధ్యలో కారు బాంబు పెట్టడం, పత్రికా కార్యాలయానికో సేవా సంస్థకో ఫోన్ చేసి ముందే కుదుర్చుకున్న సంకేత పదం చెప్పడం, పోలీసులు జనాన్ని ఖాళీ చేయించాక దుకాణాలు, కార్యాలయాలు ధ్వంసం కావడం వాళ్ల రివాజు. ప్రాణనష్టం లేకుండా ఆస్తినష్టం కలిగిస్తున్నామని వాళ్లు చెప్పుకునేవాళ్లు. రియల్ ఐఆర్ఏ కూడా దీన్నే పాటించింది. 1998 జనవరిలో బాన్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో పెట్టిన కారు బాంబును సైన్యం నిర్వీర్యం చేసింది. ఆగస్టు 1న అదే ఊళ్లో మరో కారు బాంబు పేలింది, ముప్పైమందికి పైగా గాయపడ్డారు. హెచ్చరిక వచ్చినా జనాన్ని ఖాళీ చేయించడానికి సమయం సరిపోలేదు. బాన్‌బ్రిడ్జ్ నుంచే పాఠం నేర్చుకుని ఉండవలసింది. నేర్చుకోలేదు.

రెండు వారాల తరువాత, ఆగస్టు 15 శనివారం. టైరోన్ కౌంటీలోని ఓమాలో ఆ రోజు ఊరి ఉత్సవం ఊరేగింపు ఉంది. బడులు తెరిచే రోజులు దగ్గరపడటంతో తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని యూనిఫారాలు కొనడానికి బజారుకు వచ్చారు. సరిహద్దుకు దక్షిణాన కారిక్‌మాక్రాస్‌లో రెండు రోజుల ముందు దొంగిలించిన ఎర్ర రంగు వాక్స్‌హాల్ కావలియర్ కారును, నంబరు ప్లేట్లు మార్చి, మార్కెట్ వీధిలో ఒక బట్టల దుకాణం ముందు నిలిపి, తెచ్చినవాళ్లు వెళ్లిపోయారు. అందులో ఇంట్లో తయారుచేసిన పేలుడు పదార్థం సుమారు 500 పౌండ్లు, అంటే 225 కిలోల పైచిలుకు ఉంది.

మధ్యాహ్నం రెండున్నర దాటాక కొన్ని నిమిషాల తేడాతో మూడు ఫోన్లు వచ్చాయి. రెండు అల్‌స్టర్ టెలివిజన్ కార్యాలయానికి, ఒకటి మనోవేదనలో ఉన్నవాళ్లకు ఫోన్‌లో సాంత్వన చెప్పే సమారిటన్స్ సంస్థకు. చేసింది సరిహద్దు దగ్గర, దక్షిణ ఆర్మాలోని టెలిఫోన్ బూత్‌ల నుంచి. చెప్పిన సంకేత పదం ‘మార్తా పోప్’, శాంతి చర్చల్లో మిచెల్‌కు సహాయకురాలిగా పనిచేసిన మహిళ పేరు. మాటల్లో కోర్టు భవనం, మెయిన్ స్ట్రీట్ అన్నవి వినిపించాయి. ఓమాలో మెయిన్ స్ట్రీట్ పేరుతో వీధే లేదు. కోర్టు భవనం ఉన్నది హై స్ట్రీట్ ఎగువ చివర. కారు ఉన్నది అక్కడి నుంచి దాదాపు నాలుగు వందల గజాల దిగువన, మార్కెట్ వీధిలో. పోలీసులు తమకు అందిన సమాచారం ప్రకారం కోర్టు పరిసరాల నుంచి జనాన్ని దిగువకు తరలించారు. అంటే ప్రాణాలు దక్కించుకోవడానికని నడిచిన జనం నేరుగా ఆ ఎర్ర కారు దగ్గరికే చేరారు. మూడు గంటల పది నిమిషాలకు అది పేలింది.

చనిపోయినవాళ్లు 29 మంది. ఒక యువతి కడుపులో ఉన్న కవలలను కూడా కలిపి 31 అని ఆ ఊరివాళ్లు లెక్క చెబుతారు. ఆమె తల్లి, ఆమె, ఆమె చిన్నారి కూతురు ముగ్గురూ ఒకేసారి పోయారు. అమ్మమ్మ, అమ్మ, మనవరాలు అని మూడు తరాల వరస పెట్టి చెప్పుకోవలసిన చావులు అవి. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, స్పెయిన్ నుంచి భాష నేర్చుకోవడానికి వచ్చిన ఒక బాలుడు, అతడి బృందంతో వచ్చిన యువ ఉపాధ్యాయురాలు, డొనెగాల్ నుంచి విహారయాత్రకు వచ్చిన పిల్లలు వీళ్లలో ఉన్నారు. గాయపడినవాళ్లు రెండు వందలకు పైనే. అంబులెన్సులు చాలక ఊళ్లో తిరిగే బస్సులో క్షతగాత్రులను ఆసుపత్రికి చేర్చారు.

శిథిలాల్లో ఒక కెమెరా దొరికింది. లోపలి ఫిల్మును కడిగి చూస్తే, అదే ఎర్ర కారు పక్కన ఒక వ్యక్తి చిన్నపిల్లను భుజాల మీద ఎక్కించుకుని నవ్వుతూ నిలబడిన ఫొటో వచ్చింది. ఫొటోలోని ఆ ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. ఫొటో తీసినవారు ప్రాణాలతో లేరు. ఆ బాంబు గురించి రాసినప్పుడల్లా ప్రపంచ పత్రికలన్నీ ఇప్పటికీ ఆ ఫొటోనే వేస్తాయి.

మూడు రోజుల తరువాత రియల్ ఐఆర్ఏ బాధ్యత ఒప్పుకుంటూ, పౌరులను చంపడం తమ ఉద్దేశం కాదని క్షమాపణ చెప్పింది. సెప్టెంబరు 8న కాల్పుల విరమణ ప్రకటించింది. ఉద్దేశం లేదన్న వాదనను నేను ఒప్పుకోలేను. శనివారం మధ్యాహ్నం బజారు వీధిలో రెండు క్వింటాళ్లకు పైగా పేలుడు పదార్థం వదిలిపెట్టి, జనం ప్రాణాలను ఫోన్‌లో చెప్పిన నాలుగు గందరగోళపు మాటల మీద వదిలేసినవాళ్లకు, తప్పు జరిగితే ఏమవుతుందో ముందే తెలుసు.

ప్రశ్న: ఇలాంటి చిన్న సంస్థకు డబ్బు, ఆయుధాలు ఎక్కడి నుంచి వచ్చాయి? – ఒక చిరు వ్యాపారి, తెనాలి

జవాబు: మొదట్లో పాత సంస్థ డంపుల నుంచి దొరికినంత తీసుకున్నారు. ఆ తరువాత బాల్కన్ ప్రాంతంలో యుద్ధాలు ముగిశాక మిగిలిపోయిన ఆయుధాల వైపు చూశారు. డబ్బుకు సరిహద్దే ఆధారమైంది. ఒక దేశంలో పన్ను తక్కువ, మరో దేశంలో ఎక్కువ ఉన్నచోట డీజిలు, సిగరెట్లు దొంగతనంగా అటూ ఇటూ తరలించేవాళ్లకు ఎప్పుడూ లాభమే. అమెరికాలోని ఐరిష్ వలస కుటుంబాల నుంచి వచ్చే చందాలు ఓమా తరువాత బాగా తగ్గాయి. 2001 మేలో అమెరికా ఈ సంస్థను విదేశీ ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చడంతో బహిరంగంగా చందా అడిగే దారి మూసుకుపోయింది.

ప్రశ్న: శాంతి చర్చలు మొదలైతే చీలిక తప్పదా? మన దగ్గర కూడా అలాగే జరిగిందా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తప్పదని చెప్పలేం. మన దగ్గరి అనుభవం చాలా వరకు వేరు. 1969లో సీపీఐ(ఎంఎల్) ఏర్పడిన తరువాత శ్రీకాకుళ పోరాటం అణచివేతకు గురైంది, ఎక్కడ తప్పు జరిగిందన్న చర్చల్లోంచి ఎన్నో వర్గాలు పుట్టాయి. 1980 ఏప్రిల్ 22న కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్ వార్ ఏర్పడటం కూడా ఆ పాయల్లో ఒకటి. ఆ చీలికలన్నీ పంథా మీద, అంటే ఎన్నికల్లో పాల్గొనడం, ప్రజాసంఘాలు, దళాల పాత్ర మీద వచ్చిన భేదాలు. చర్చల బల్ల దగ్గర కూర్చున్నందుకు వచ్చినవి కావు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లోని మంజీరా అతిథి గృహంలో ప్రభుత్వ ప్రతినిధులతో చర్చలకు నాయకులు వచ్చేనాటికి పీపుల్స్ వార్, మావోయిస్టు కమ్యూనిస్టు సెంటర్ (ఎంసీసీఐ) విలీనమై సీపీఐ (మావోయిస్టు) ఏర్పడింది. ఐర్లండ్‌లో చర్చల్లోకి అడుగుపెట్టాక సంస్థ చీలితే, ఇక్కడ చర్చలకు ముందు రెండు సంస్థలు కలిశాయి. ఆ చర్చలు ఫలించకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి. వాటిని చీలికతో ముడిపెట్టడం సరికాదు.

అయితే రెండు చోట్లా ఒక పోలిక కనిపిస్తుంది. ఆయుధాలు అప్పగించడమా, కొనసాగించడమా అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి సంస్థలు ఇరుకున పడతాయి. ప్రొవిజనల్ ఐఆర్ఏ ఆ ప్రశ్నను ఎనిమిదేళ్లు సాగదీసి, 2005 జూలైలో సాయుధ పోరాటం ముగిసిందని ప్రకటించి, సెప్టెంబరులో కెనడా సైనికాధికారి జాన్ డి చాస్ట్‌లైన్ నాయకత్వంలోని సంఘం సమక్షంలో ఆయుధాలను పనికిరాకుండా చేసింది. అంత ఆలస్యం చేసినందుకు చాలామంది తిట్టారు. ఒక్కసారిగా లొంగుబాటులా కనిపిస్తే ఇంకెంతమంది చీలిక వర్గంలోకి వెళ్లేవారోనన్న లెక్క ఆ ఆలస్యం వెనుక ఉందని నా అభిప్రాయం.

ప్రశ్న: ఓమా తరువాత వాళ్లు నిజంగా ఆగిపోయారా? – ఒక గృహిణి, నంద్యాల

జవాబు: ఆగలేదు. రెండేళ్లు గడవకముందే కాల్పుల విరమణను పక్కన పెట్టారు. 2000 జూన్‌లో లండన్‌లోని హామర్‌స్మిత్ వంతెన మీద బాంబు పేల్చారు. సెప్టెంబరులో బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ6 ప్రధాన కార్యాలయం మీదికి భుజం మీది నుంచి పేల్చే రాకెట్‌ను ప్రయోగించారు. 2001 మార్చిలో బీబీసీ టెలివిజన్ కేంద్రం ముందు, ఆగస్టులో ఈలింగ్‌లో కారు బాంబులు పేలాయి. 2002 ఆగస్టులో డెరీలోని ఒక సైనిక శిబిరంలో మరమ్మతు పనులకు వచ్చిన కార్మికుడు భోజనం డబ్బాలో అమర్చిన బాంబు పేలి చనిపోయాడు.

అదే సమయంలో సంస్థ లోపలి నుంచి దెబ్బతింటూ వచ్చింది. డేవిడ్ రూపర్ట్ అనే అమెరికన్ రవాణా వ్యాపారి సానుభూతిపరుడిగా మెకెవిట్ నమ్మకం సంపాదించాడు. అతడు ఎఫ్‌బీఐకి, బ్రిటన్ అంతర్గత గూఢచారి సంస్థ ఎంఐ5కి పనిచేస్తున్న కోవర్టు. స్లొవేకియాలో ఇరాక్ ఆయుధ వ్యాపారులమని నటించిన ఎంఐ5 మనుషుల చేతికి 2001 జూలైలో ముగ్గురు సభ్యులు చిక్కి, తరువాత బ్రిటిష్ కోర్టులో నేరం ఒప్పుకుని 30 ఏళ్ల చొప్పున శిక్ష పొందారు.

2009 మార్చి 7 రాత్రి ఆంట్రిమ్‌లోని మాసరీన్ సైనిక శిబిరం గేటు దగ్గరికి పిజ్జాలు వచ్చాయి. కొన్ని గంటల్లో అఫ్ఘానిస్తాన్ బయలుదేరవలసిన సైనికులు, ఎడారి యూనిఫారంలోనే, వాటిని తీసుకోవడానికి బయటికి వచ్చారు. కాల్పుల్లో ఇద్దరు సైనికులు చనిపోయారు. మరో ఇద్దరు సైనికులు, పిజ్జాలు తెచ్చిన ఇద్దరు కుర్రాళ్లు గాయపడ్డారు. రియల్ ఐఆర్ఏ బాధ్యత తీసుకుంటూ, బ్రిటిష్ సైన్యానికి తిండి తెచ్చిచ్చేవాళ్లు కూడా శత్రువుకు తోడ్పడినట్లేనని సమర్థించుకుంది. పొట్టకూటి కోసం పిజ్జా మోసుకొచ్చిన కుర్రవాణ్ని యుద్ధంలో ఒక పక్షంగా లెక్కించిన ఆ వాదన చదివినప్పుడు, ఈ దారి ఎంత దూరం వెళ్లిపోయిందో తెలిసింది. రెండు రోజుల తరువాత క్రెయిగావన్‌లో కంటిన్యుయిటీ ఐఆర్ఏ ఒక పోలీసును కాల్చి చంపింది. అప్పుడు ఉత్తర ఐర్లండ్ ఉప ప్రథమ మంత్రిగా ఉన్న ఒకప్పటి ఐఆర్ఏ నాయకుడు మార్టిన్ మగిన్నిస్, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టు పక్షానికి చెందిన ప్రథమ మంత్రి పీటర్ రాబిన్సన్, పోలీసు అధిపతి పక్కన నిలబడి, ఈ పని చేసినవాళ్లు ఐర్లండ్ ద్వీపానికి ద్రోహులని అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడానికి ఎంత ధైర్యం కావాలో ఐక్య ఐర్లండ్‌ను కోరే అక్కడి రిపబ్లికన్ కుటుంబాలకు బాగా తెలుసు.

2012 జూలైలో రియల్ ఐఆర్ఏ, డెరీలో మాదకద్రవ్యాల వ్యాపారులంటూ జనాన్ని కాల్చి ‘శిక్షించే’ ఒక ముఠా, మరికొన్ని చిన్న బృందాలు కలిసి ఒకటయ్యాయి. పత్రికలు దానికి ‘న్యూ ఐఆర్ఏ’ అని పేరు పెట్టాయి. 2019 ఏప్రిల్ 18 రాత్రి డెరీలో అల్లర్లను చూస్తున్న 29 ఏళ్ల పాత్రికేయురాలు లైరా మెకీ, పోలీసుల వైపు కాల్చిన తూటా తగిలి చనిపోయినప్పుడు బాధ్యత ఒప్పుకున్నది ఆ సంస్థే. 2023 ఫిబ్రవరిలో ఓమా ఊళ్లోనే, పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పించి బంతులు సర్దుకుంటున్న ఒక పోలీసు అధికారిని పిల్లల కళ్లెదుటే కాల్చారు. ఆయన తీవ్ర గాయాలతో బతికారు.

ప్రశ్న: ఓమా హంతకులకు శిక్ష పడిందా? – ఒక న్యాయవాది, కర్నూలు

జవాబు: ఆ 29 మంది హత్యలకు ఇప్పటివరకు క్రిమినల్ కోర్టులో ఎవరికీ శిక్ష నిలవలేదు. డబ్లిన్‌లో 2002లో ఒకరికి కుట్ర నేరం కింద 14 ఏళ్ల శిక్ష పడింది కానీ, 2005లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది, పునర్విచారణలో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. బెల్‌ఫాస్ట్‌లో మరొకరి మీద పెట్టిన కేసులో డీఎన్ఏ సాక్ష్యం మీద, పోలీసులు దాన్ని భద్రపరచిన తీరు మీద న్యాయమూర్తి తీవ్రంగా వ్యాఖ్యానించి 2007 డిసెంబరులో కొట్టివేశారు. మూడో కేసు 2016లో విచారణ దశకు చేరకముందే వీగిపోయింది.

మెకెవిట్‌కు శిక్ష పడింది కానీ, ఓమా హత్యలకు కాదు. ఓమా తరువాత ఐర్లండ్ పార్లమెంటు హడావుడిగా చేసిన చట్టంలో ఉగ్రవాదానికి నాయకత్వం వహించడాన్ని ప్రత్యేక నేరంగా చేర్చారు. ఆ నేరం కింద శిక్ష పడిన మొదటి వ్యక్తి ఆయనే. రూపర్ట్ సాక్ష్యంతో 2003లో 20 ఏళ్లు విధించారు, 2016లో విడుదలయ్యారు, 2021 జనవరిలో చనిపోయారు.

ప్రభుత్వాల వల్ల కానిది మృతుల కుటుంబాలు చేయబూనాయి. వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లారు. న్యాయవాది అయిన మీకు తెలిసిందే, సివిల్ దావాలో సందేహానికి తావు లేనంత రుజువు అక్కర్లేదు, ఏది ఎక్కువ సంభావ్యమో తేలితే చాలు. 2009 జూన్‌లో బెల్‌ఫాస్ట్ హైకోర్టు మెకెవిట్‌తో సహా నలుగురిని, రియల్ ఐఆర్ఏను బాధ్యులుగా తేల్చి 16 లక్షల పౌండ్ల పరిహారం విధించింది. బాంబు దాడి బాధితులే నిందితుల మీద దావా వేసి గెలవడం అక్కడ అంతకుముందు ఎరగని విషయం. పరిహారం డబ్బు చేతికి రావడం మాత్రం వేరే సంగతి.

ముందస్తు సమాచారం ఉండి కూడా పోలీసులు, గూఢచారి సంస్థలు అడ్డుకోలేకపోయాయా అన్నది మరో ప్రశ్న. 2001 డిసెంబరులో పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ న్వాలా ఓ లోన్ ఇచ్చిన నివేదిక, సమాచారాన్ని వాడుకున్న తీరును, దర్యాప్తును తీవ్రంగా తప్పుపట్టింది. కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి కోర్టుకు వెళ్లగా, దాడిని అడ్డుకోగల అవకాశం ఉందన్న వాదనలో పస ఉందని 2021లో బెల్‌ఫాస్ట్ హైకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఫలితంగా 2023 ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం చట్టబద్ధమైన బహిరంగ విచారణకు ఒప్పుకుంది. స్కాట్లండ్ న్యాయమూర్తి లార్డ్ టర్న్‌బుల్ దానికి అధ్యక్షులు. 2025 జనవరి చివర్లో ఓమాలోనే విచారణ కూర్చుంది. న్యాయవాదుల వాదనల కంటే ముందు, చనిపోయినవాళ్లు ఒక్కొక్కరు ఎలా బతికారో వాళ్ల కుటుంబాలు చెప్పగా కమిషన్ రోజుల తరబడి విన్నది.